చల్లగా కనిపించేది

సోహార్‌లో వారం ఆదివారం మొదలవుతుంది.
బయట నలభై ఏడు.
ల్యాబ్‌లో ఏసీ పుణ్యాన ఇరవై రెండు.
కోటింగ్ మిషన్ రోలర్ మీద నూట అరవై.
మూడు వాతావరణాల మధ్య
ఒక అద్దం తలుపు, ఒక రేకు మూత.

కొత్తగా చేరిన షమ్సా ఈ ఊరి పిల్లే.
ఇంజనీరింగు చదివింది.
వాళ్ళ తాత ఈ తీరంలోనే వలలు బాగుచేసేవాడట.
"ఇది కాలి ఉందని చూస్తే ఎలా తెలుస్తుంది?" అనడిగింది.
తెలియదమ్మా. దీనితో వచ్చిన చిక్కే అది.

కాలిన ఇనుము ఎర్రబడుతుందనుకుంటాం.
నూట అరవైకి ఎర్రబడదు.
కొత్త స్టీలు బిందెలా తళతళలాడుతూ
మన మొహం మనకే చూపిస్తూ
ఎంతో మర్యాదగా ఉంటుంది.

నా కుడి అరచేతిలో అడ్డంగా ఓ నున్నటి గీత.
చెయ్యి చూసి చెప్పేవాడెవడైనా
ఆయుష్షు రేఖ అనుకుంటాడు.
బ్రహ్మ రాసింది కాదు, రోలర్ రాసింది.

నా హిందీ, ఆమె ఇంగ్లీషు కలిపి
పాఠం మొదలుపెట్టాను.
ఉంగరం తీసి సొరుగులో పెట్టు.
తలగుడ్డ కొస కోటు లోపలికి దోపు.
రెండు రోలర్లు కలిసే చోటుంది చూడు, అది నోరు.
ఫిల్ము ముడతపడితే వేలితో సర్దబుద్ధవుతుంది.
ఆ బుద్ధి పుట్టినప్పుడే ఎర్ర బొత్తాం నొక్కు.
ఉక్కు గోకుడుబిళ్ళ వద్దు, ఇత్తడిది తీసుకో.
రోలర్ మీద ఒక్క గీటు పడిందా
ఇక పూత పూసిన ప్రతి గజం మీదా అదే గీటు.
వేడి మీద సాల్వెంటు గుడ్డ దగ్గరికి రానివ్వకు.
అరవైకి దిగేదాకా ఓపిక పట్టు.
చాయ్ తాగు. ఇక్కడ కాదు, బయట.

పోయిన రంజాన్‌లో ఒక మధ్యాహ్నం
మీటరు ముప్పై ఒకటి చూపించింది.
సెన్సరు తన బొక్కలోంచి జారి
గాలిలో వేలాడుతోంది, మాకు తెలియదు.
చలి చలి అని బుకాయించే పిల్లాడికి
దుప్పటి మీద దుప్పటి కప్పే తల్లిలా
మిషన్ వేడి పోస్తూనే ఉంది.
పాకం ముదిరి మాడుతున్న వాసన.
అంకె మాత్రం ముప్పై ఒకటే.

వేములవాడ బస్టాండు వెనక
మా నాయనది ఇస్త్రీ బండి.
బొగ్గుల పెట్టెను చెంపకు జానెడు దూరం తెచ్చి
కళ్ళు మూసుకునేవాడు.
ముప్పై ఏళ్ళలో ఒక్క పట్టుచీర కాల్చలేదు.

ఆ రోజు నేనూ అంతే,
మూత కొద్దిగా ఎత్తి చెంప ముందుకు పెట్టాను.
లెంపకాయ కొట్టినట్టు తగిలింది.
మెయిన్ స్విచ్ లాగేశాను.
చేతి థర్మామీటరు పెట్టి చూస్తే
రెండు వందల ముప్పై ఎనిమిది.

"అయితే నేనూ చెంప పెట్టి చూడాలా?"
అంది షమ్సా, నవ్వకుండా.

అవును అనబోయాను.
ఏదో అడ్డం పడింది.
మా నాయన ఎడమ చెంప
కుడిదానికన్నా నల్లగా ఉండేది.
ఇన్నేళ్ళకు, నీకు చెబుతుంటే గుర్తొచ్చింది తల్లీ.
ఒక్క చీరా కాలలేదని
ఊరంతా చెప్పుకున్నది నిజమే.

వద్దు.
చెంప పెట్టకు.
రెండో సెన్సరు కోసం మూడు ఉత్తరాలు రాశాను,
నాలుగోదానికి వచ్చింది.
వేడి గీత దాటితే ఎవరినీ అడగకుండా
కరెంటు తెంచేస్తుంది.
అది తెంచుతుందో లేదో మాత్రం
ప్రతి ఆదివారం మనమే పరీక్షించాలి.
నమ్మకం కూడా తుడిచి పెట్టుకోవాల్సిన సామానే.

సాయంత్రం ఐదింటికి ఆపేశాం.
ఆమె లాగ్ బుక్ తెరిచి
కుడి నుంచి ఎడమకు ఏదో రాసుకుంది.
చదవమని నేను అడగలేదు.

రోలర్ అదే మెరుపు, అదే మర్యాద.
మీటరు ముప్పై నాలుగు అంటోంది.
షమ్సా చెయ్యి చాపింది, ఆపింది.
చేతి థర్మామీటరు తెచ్చి
రెండు కొసల్లో, నడుమలో పెట్టి చూసింది.

అప్పుడు గుడ్డ అందుకుంది.