మూడు నిమిషాల గంట

తార్తులో ఫిబ్రవరి.
తల్లి ఏరని పేరున్న నది మీద మంచు
మనుషులు నడిచేంత గట్టిపడింది.
భౌతికశాస్త్ర భవనం పొడవాటి వసారాలో
నలభై రెండు పోస్టర్లు,
తడి బూట్ల వాసన, అడుగంటిన కాఫీ.

నాది చిన్న పని.
ఒక్కొక్కరికి మూడు నిమిషాలు.
అయిపోగానే ఇత్తడి గంట కొట్టాలి.
రసాయనశాస్త్రం మూడో ఏడు చదువుతున్నాను,
చూపించడానికి నా దగ్గర ఇంకా ఏమీ లేదు,
అందుకని గంట ఇచ్చారు.

ఉదయమంతా ఎవరి భాష వాళ్లదే.
కప్ప చర్మం మీది బూజు గురించి ఒకరు,
వంతెన ఉక్కు ఎక్కడ అలిసిపోతుందో ఒకరు,
పసిపిల్లలు 'లేదు' అనే మాట
ఎన్నో నెలలో నేర్చుకుంటారో ఒకరు.
విన్నవాళ్లు తల ఊపారు.
తల ఊపడం అన్ని శాఖలకూ వచ్చు.
గంట. చప్పట్లు. గంట.
సుల్యేవ్ అనే కుర్రాడు తన సమీకరణానికి
తాను పెట్టుకున్న పేరు చెప్పబోతుండగా
కొట్టేశాను.

పదిహేడో పోస్టరు మెరికెది.
చిత్తడినేలలోకి గొట్టం దించి
రెండు నిలువుల లోతు మట్టి తీసింది.
ఆ నల్లటి కడ్డీని పలచగా కోసి కోసి
పుప్పొడి రేణువులు లెక్కపెట్టింది, రెండు చలికాలాలు.
ఇది పైన్, ఇది భూర్జ, ఇది రై పంట.
"ఇక్కడ చూడండి" అంది గీత మీద వేలు పెట్టి.
"బొటనవేలి మందాన రై లేదు.
పైన ఉంది, కింద ఉంది. ఇక్కడ లేదు.
ఎందుకో నాకు తెలీదు."

వెనక వరసలో ఇంద్రెక్,
చరిత్ర విభాగం, ఇరవై ఆరో పోస్టరు,
చేతిలోని బన్ను కొరకడం ఆపేశాడు.
గుంపును తోసుకుంటూ వచ్చాడు.
"ఆ బొటనవేలు ఎన్నేళ్లు?"
"నాలుగైదు. పది కావచ్చు."
"ఏ ఊరి పక్క?"
చెప్పింది.

ఆ ఊరి చర్చి పుస్తకం నకలు అతని దగ్గరుంది,
బాప్తిస్మాల పేజీలు.
ఏటా నలభై, ముప్పై ఎనిమిది, నలభై మూడు.
తర్వాత తొమ్మిది.
తర్వాత రెండు.
ఆ తర్వాత పాస్టరు చేతిరాతే మారిపోయింది.

ఫోనులో ఆ పేజీ తెరిచి
ఆమె గీత పక్కన పట్టుకున్నాడు.
పుప్పొడిలో ఖాళీ. పేర్లలో ఖాళీ.
ఎవరూ తల ఊపలేదు.

గంట కొట్టాను.
చేతికి అలవాటైపోయింది, అంతే.
ఆ వసారాలో అంత పెద్ద చప్పుడు
నేనెప్పుడూ వినలేదు.

గణాంకశాస్త్రం వైకె గొంతు సవరించుకుంది.
"తొందరపడకండి. లోతుకి కాలం కట్టడంలో
అటు పదిహేనేళ్లు, ఇటు పదిహేనేళ్లు తేడా.
మీ రెండు ఖాళీలూ
ఒకదాని ముఖం ఒకటి ఎరగనివి కావచ్చు."
నిజమే.
మెరికె ఒప్పుకుంది. ఇంద్రెక్ కూడా, కాస్త ఆలస్యంగా.
అయినా వైకె తన కుర్చీకి తిరిగి వెళ్లలేదు.
కార్యక్రమ పత్రం వెనక్కి తిప్పి
కాఫీ మరక పక్కన లెక్క మొదలుపెట్టింది.

మాండలికాలు పోగేసే ముసలాయన లేంబిత్
ఎవరూ అడక్కుండానే అన్నాడు:
"ఆ వైపు ఊళ్లలో ఒక తిట్టుంది,
'నీ రొట్టె బెరడు గాను' అని.
అర్థమేమిటో తిట్టేవాళ్లకీ తెలీదు.
రాసిపెట్టి ముప్పై ఏళ్లయింది.
ఎక్కడ పెట్టాలో తెలీక
'ఇతరములు' పెట్టెలో వేశాను."

గంట కొట్టాల్సిన నేను
గంట ఆలస్యం చేశాను.
చివరి అయిదుగురికి తలా ఒక నిమిషమే దక్కింది.
కప్పల మీది బూజు అమ్మాయి
ఎవరితోనూ మాట్లాడకుండా పోస్టరు చుట్టుకుని వెళ్లింది.
నిర్వాహకురాలు మందలించింది. సబబే.

రాత్రి హాస్టల్లో నల్ల రొట్టె కోస్తుంటే
కత్తి కాసేపు ఆగింది.
ముక్క పక్కన బొటనవేలు పెట్టి చూసుకున్నాను.
సరిగ్గా అంతే మందం.
వెన్న రాయకుండా తిన్నాను, నెమ్మదిగా.

రేపు సుల్యేవ్ ఎక్కడుంటాడో కనుక్కోవాలి.
ఆ పేరేమిటో అడగాలి.
గంట తీసుకెళ్లను.