బోశెట్టి చేసిన నాజిల్

దుక్తూరా రయ్యాకు 'ప' పలకదు.
పదహారేండ్లు పరాయి దేశంల మంటల లెక్కలు చేసొచ్చినా
పోశెట్టి ఆమె నోట్ల బోశెట్టే.
ప్రొపెల్లెంట్, బ్రొబెల్లెంట్.
పిల్లలు నవ్వితే తనూ నవ్వుతది
ఎడమ చెవి ఇటు తిప్పి.
కుడిది, ఎన్నడో టెస్టు స్టాండు మీద
ఇంజిన్ పగిలిన్నాడే పోయింది.

సూర్ రేవుల వాళ్ల బాపు పడవలు కట్టెటోడట.
గీసిన కాగితం లేదు, కొలతంతా కంట్లనే.
"ఆయన చెక్కకు చెంప ఆనిచ్చి వినెటోడు,
నేను ఉక్కుకు ఆనిస్తిని" అంటది.

రాకెట్టు క్లాసు మొదలువెట్టిన మనిషని
కాలేజీ గోడకు ఆమె ఫోటో ఉంది.
దాని మీద ఏసీ నీళ్లు కారుతుంటయి.
తుడిచేది నేనే.

నాది లేతు మిషిను.
ధర్మపురి దిక్కు బోరు మోటార్ల షాఫ్టులు తిప్పిన చెయ్యి.
నాజిలంటే ఏందో బోర్డు మీద గీసి చూపెట్టింది:
అటు వెడల్పు, నడుమ సన్నం, ఇటు సన్నాయి మూతి.
గొంతు కాడ ఒత్తితేనే మంటకు వేగమట.
ఇరుకుంటేనే ఉరుకు, అని
నేను తెలుగుల రాసుకున్న.
క్యాంపు రూముల పన్నెండు మందిమి.
మరి మేమెటు ఉరుకుతున్నం?

మొదటిది పగిలింది. రెండోదీ.
మూడోది లేచి, వంగి, పిల్లల దిక్కే మళ్లింది.
ఆమె ఎవరినీ తిట్టలే.
ముక్కలన్నీ ఏరించి బల్ల మీద పరిపించి
"ఇవి ఏం చెప్తున్నయో రాయుండ్రి" అని బయటికి పోయింది.
నీళ్ల ట్యాంకు చాటున
చేతులు వణుకుతుంటే చంకల్ల పెట్టుకున్నది.
నేను చూసిన. చూడనట్టే వచ్చిన.

నాలుగోది పోయింది.
తెల్లటి గీత, గంతే. ఆవల సముద్రం.

పది దినాలకు
వలల సూర చేపల నడుమ దొరికిందని
జాలరొకడు గేటు కాడికి తెచ్చి చాయ పైసలడిగిండు.
ఉప్పు రుద్దితే అక్షరాలు తేలినయి,
నాకు తెల్వకుండ ఆమె చెక్కించినయి.
ఒక పిలగాడు చదివిండు:
తయారీ, బోశెట్టి.

వాళ్ల రాతలనే 'ప' లేదట.
పతాకా కార్డు మీద నేనొక నంబరు,
మంచానికి ఇంకో నంబరు.
మొదటక్షరం లేకుండనే
నేను ఆకాశానికి పోయొచ్చిన.

వచ్చే నెలతోని ఆమె నౌకరి అయిపోతది.
నాజిల్‌ను మంచి చెవి కాడ పెట్టి ఊపింది.
లోపల ఇసుక గలగలమన్నది.
"బోశెట్టి, గొంతుల ఇంకో అర మిల్లీ తియ్యాలె."

మిషిను ఆన్ చేసిన.