నాలుగో నంబరు గాలి

వాన వెలిసిన మూడో రోజు మొదలవుతుంది నా సీజను.
నాగోలు దాటాక పెట్రోలు బంకు పక్క సందులో
రోడ్డుకన్నా జానెడు పల్లంలో ఉన్న నా షెడ్డుకు
తడిసిన కుక్కల్లా వస్తాయి కార్లు,
విదిలించుకోవడం రాని కుక్కల్లా.

ఇవాళ మొదటిది బుచ్చిలింగం క్యాబు.
"ఉస్తాద్ లేడా?" అన్నాడు.
నేనే అన్నాను.
కాసేపు నా గాజుల వంక చూసి
తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"గాలి ఒకట్ల రాదు, రెండుల రాదు, మూడుల రాదు.
నాలుగుల పెడితే మాత్రం తుఫానే.
పాటల డబ్బా రాత్రి రెండుకు
దానంతటదే మొత్తుకుంటది.
గల్లీ గల్లంత లేచి నన్ను తిట్టింది."

తెలిసిన జబ్బే.
నీళ్లు తగిలితే ముందు చచ్చేవి నడిమి మెట్లు.
మెల్లగా, మోస్తరుగా, కొంచెం గట్టిగా,
ఇవన్నీ ఒక చిన్న రెసిస్టర్ తీగచుట్టల దయ.
అది కాలిపోయాక మిగిలేవి రెండే:
ఊపిరి బిగబట్టడం,
లేదా ఇంటి పైకప్పు లేపడం.
(మా ఇంట్లోనూ ఒకాయన ఉన్నాడు అలా.
ఆ సంగతి ఇప్పుడొద్దు.)

డాష్‌బోర్డు కింద తల దూర్చి పడుకున్నాను.
కార్పెట్టు ఎత్తితే
నానబోసి మరిచిపోయిన మినప్పప్పు వాసన.
కనెక్టరు విప్పితే పిన్నుల నిండా చిలుము,
పచ్చగా, పొడిపొడిగా,
అటక మీది ఇత్తడి గంగాళంలో ఉన్నట్టే.
కానీ చింతపండు పెట్టి తోమే వస్తువు కాదిది.
పాత పళ్ల బ్రష్షు, స్పిరిటు, మెడనొప్పి.
ఖదీర్ చాచా అనేవాడు,
"తొందరపడి కరెంటు ఇవ్వకు బేటీ.
తడి ఉన్నంతసేపు
అన్నం పెట్టే చెయ్యే కాలుస్తది. ఆరనీ."

సెట్టును మూడు రోజులు బియ్యంలో పెట్టాడట బుచ్చిలింగం.
సీడీ నోట్లో ఉబ్బిన గింజలు నాలుగు దొరికాయి.
పట్టకారుతో తీసి అతని అరచేతిలో పెట్టాను.
సిగ్గుపడ్డాడు. తరవాత నవ్వాడు.

పార్టులు మార్చడం ఎవరైనా మారుస్తారు.
అద్దం మొదట్లో చెంబుడు నీళ్లు పోసి
ఎటు పోతాయో చూస్తూ కూచున్నాను.
చక్రం వెనక నుంచి కారాల్సినవి
లోపల, కాళ్లు పెట్టే చోట కారాయి.

వైపరు కింద జాలీ ఊడదీశాను.
రెండు దోసిళ్ల కానుగాకులు, సగం మన్ను అయినవి,
ఒక బిర్యానీ పొట్లం రబ్బరు బ్యాండు,
ఎలుక కొరికిన దూది.
వాటన్నిటి కింద రూపాయి బిళ్లంత బెజ్జం.
నీళ్లు చేసిన తప్పేం లేదు.
వాటి గుమ్మం మూసి ఉంటే పక్క గుమ్మం తట్టాయి.

"కానుగ కింద పెట్టకు బండి" అన్నాను.
"మా కాలనీల ఉన్నదే ఒక్క చెట్టు మేడమ్."

ఏమనను?
మొన్న పక్క టైర్ల షాపు ముసలాయన చెప్పాడు,
ఈ జాగా అంతా శిఖం అని.
అలుగు ఎటు దుంకేదో చెయ్యి చాపి చూపించాడు.
ఆయన వేలు వచ్చి
నా పని బల్ల మీద ఆగింది.
గోడ మీద ఇంకా ఉంది ఆ నెల నీటి గీత.
మల్టీమీటరు తగిలించే మేకు
ఇప్పుడు దానికి జానెడు పైన కొట్టాను.

పొద్దుగూకే వేళకు ఫ్యూజు వేసి
మీట ఒకటి మీద పెట్టాను.
నిద్రపోతున్న పిల్ల నుదుటి మీద ఊదినంత గాలి.
బుచ్చిలింగం అరచెయ్యి అడ్డం పెట్టి
చాలాసేపు తియ్యలేదు.
"ఇంత మెల్లగ గూడ వస్తదా,
మర్శేపోయిన" అన్నాడు.

బిల్లు రాశాను.
రెసిస్టరుకు ఇంత. కనెక్టరు శుభ్రానికి ఇంత.
సెట్టు బోర్డుకు ఇంత, గ్యారంటీ లేదు.
ఆకులు తీసినందుకు, అని రాసి
ఎదురుగా ఏమీ వెయ్యలేక
పెన్ను పట్టుకుని కూచున్నాను.
బయట మళ్లీ తుంపర మొదలైంది.