పదకొండు నిమిషాలు

అరవై రెండేళ్లకి
పదకొండు నిమిషాలు ముందొదిలారు.
"దయ కాదండోయ్, లెక్క" అన్నాడు
విజిల్ నోట్లోంచి తీసి పోలిశెట్టి.

మార్టేరు దాటాక ఎదురుగాలి.
కాలవలో గుర్రపుడెక్క నాకంటే నయం, నడుస్తోంది.
ఆరబోసిన ధాన్యం పక్కన టైరు పట్టేంత దారి.
బాతులు తోలే కుర్రాడు
"తాతా, గొలుసు ఏడుస్తోంది" అన్నాడు.
గొలుసు కాదురా,
మోకాలు.

వెనక్కి చూడకూడదు. చూశాను.
పెనుగొండ వంతెన మీద రంగురంగుల చొక్కాలు.

లాకుల దగ్గర దాటేశారు,
ఒక్కొక్కడి గాలీ చెంప మీద కొట్టిపోయింది.
ఆఖరివాడు, పంక్చర్ల అబ్బులు, వేగం తగ్గించి
"నా ఎనకాలే అంటుకోండి మాస్టారూ" అన్నాడు.
అంటుకున్నాను.
గాలి ఆగిపోయింది.
వాడి వీపు మీద చెమట మరక చూస్తూ
కిలోమీటరు తొక్కానో, తొక్కించుకున్నానో—

అది పోలిశెట్టి లెక్కలో లేదు.