ముప్పై నాలుగు, ముప్పై అయిదుంబావు

అమ్మ కుట్టుమిషను సొరుగులోంచి టేపు దొంగిలించి
శనివారం సాయంత్రం పోయినా,
ఆదోని చివర మూతబడిన జిన్నింగు మిల్లు వెనక షెడ్డుకి.
లోపల కంబగిరన్న, సబ్బునీళ్ల బొచ్చె,
గోడకు చేరగిలబడిన నాలుగు బోడి టైర్లు.

"ఇంజను అరుస్తాది, జనం దాన్నే చూస్తారు.
మట్టిని పట్టుకునేది మాత్రం
ఈ నాలుగు అరచేతులంత జాగానేమ్మే.
కడుగు."

గాడుల్లో పోయిన వారం పందెం ఎండిపోయుంది:
నల్లరేగడి పెచ్చులు, ఒక పత్తిగింజ,
ఎవరిదో బీడీ ముక్క.

తర్వాత గరుకు కాగితం.
మెరుపు పోయేదాకా రుద్దమన్నాడు.
మెరిస్తేనే కొత్తదని కదా నాకు తెలిసింది,
బూట్లయినా, గిన్నెలైనా.
"మెరిసేది జారతాది" అన్నాడు, అంతే.
రుద్దినా. భుజం లాగింది.
రెండ్రోజులు నల్లగా చీదినా.

మందు డబ్బా మూత తీస్తే కండ్లలో నీళ్లు.
"తలుపు తెరువు ముందు. గ్లౌజులు యాడ?
టైరుకంటే ముందు నీ తోలు మెత్తబడ్తాది."
పాత గుడ్డతో ఒక్క పూత పూసి
ఆశకొద్దీ రెండోది పూయబోతే
మణికట్టు పట్టుకున్నాడు.
"ఉగ్గానికి బొరుగులు ఎంతసేపు నానేస్తారు మీ ఇంట్లో?"
"ముంచి తీసేయడమే."
"మర్చిపోతే?"
"గంజి."
"ఇది గుడక అంతే."

రాత్రంతా ప్లాస్టిక్ కాగితంలో చుట్టి పెట్టినాం,
బాలింతను పడుకోబెట్టినట్ల.

పొద్దున విప్పి, గోటితో నొక్కి చూడమన్నాడు.
మెత్తదనం కొలిచే మీటరుందంట పట్నంలో;
ఆయనకి బొటనవేలుంది.
"ఏం తెలిసింది?"
"ఏం తెల్లేదన్నా."
"మంచిది. తెలిసిందనుంటే ఇంటికి పంపేసేవాణ్ణి."

రిమ్ముకెక్కించి గాలి కొడితే
అంచు టప్పుమని కూచుంది, నేను ఎగిరిపడినా.
సబ్బునీళ్లు చల్లినా. వాల్వు కాడ ఒకే ఒక్క బుడగ,
పెరిగి, పగిలి, మళ్లీ పెరిగి.
సూది మార్చినాం.
"బంకులో స్కూటర్‌కి కొట్టినట్ల కొడితే బంతై ఎగురుతాది.
ఏడు చాలు. నాలుగింటికి ట్యాంకరు నీళ్లు చల్లుతాది,
తడి ఆరేకొద్దీ చూస్తాం. రాసుకో.
ఒకసారికి ఒకటే మార్చల్ల. రెండు మారిస్తే
గెలిచినా ఎందుకు గెలిచినామో తెలీదు."

అప్పుడు తీసినా టేపు.
వెనక ఎడమది: ముప్పై నాలుగు.
వెనక కుడిది: ముప్పై అయిదుంబావు.
మళ్లీ కొలిచినా. అంతే.
"అన్నా, ఇవి జత కావు."

నవ్వి లేచి, బొచ్చె పారబోయడానికి పోయినాడు.
ఎడమకాలు చిన్నప్పట్నుంచీ కురచ,
అడుగడుక్కీ ఒక పక్కకి వాలి, లేచి.
నేను టేపు చుట్టుకుంటా నేలచూపు చూసినా.

"కండ్లు మూసుకొని నడవమను నన్ను ఈ మిల్లు బయల్లో.
యాడికి పోతా?"
నేను నోరు మెదపలేదు.
"ఎడమకి. ఎప్పుడూ ఎడమకే.
ఈ కోడిగుడ్డు బాటలో అన్నీ ఎడమ మలుపులే కదా!
జతైన టైర్లు నేరుగా పోయి గోడకు గుద్దుకుంటాయి,
ఇవి ఊరికే తిరుగుతాయి.
జాలి పడొద్దు. సరిగ్గా కొలువు.
పావు తప్పినావు, ముప్పై అయిదే."

తప్పినా నిజంగానే. టేపు మెలి పడింది.

సాయంత్రం ఏడుమందిలో ఆరోదాన్నొచ్చినా.
ఏడోవాడికి చైను తెగింది.
కానీ మూడో చుట్టు, మిల్లు పొగగొట్టం నీడ దాటినాక,
స్టీరింగు తిప్పకముందే
బండి తనంతట తాను లోపలికి వంగింది.
అది నోట్సులో ఎట్ల రాయాలో తెలీక
ఒక గీత గీసి వదిలేసినా.

సోమవారం అమ్మ టేపు వెలుతురుకి పట్టి చూసింది.
"ముప్పై నాలుగు కాడ, ముప్పై అయిదు కాడ
ఈ మసేందే?"
ఉమ్మి తడిచేసి కొంగుతో తుడిచింది. పోలేదు.
మెళ్లో వేసుకొని,
వాకిట్లో నిలబడిన లక్ష్మిదేవక్క జాకెట్టు కొలవడానికి పోయింది.