అరువు ముక్కు

రెండేళ్ళ కిందటి జ్వరం పోతూ పోతూ
నా ముక్కులోంచి లోకాన్ని పట్టుకుపోయింది.
ఇంగువ, తడిసిన కుక్క, మాడిన పాలు,
అన్నీ నాకు ఒకటే: ఉత్త గాలి.

అందుకే మంజీర
బేస్‌మెంటు మెట్ల మీద టక్కున ఆగి
"మురుగు కంపు" అన్నప్పుడు
నేను తువ్వాళ్ళు మడతపెడుతూనే ఉన్నాను.
"మెషీన్ తలుపు తీసి ఉంచు, అదే పోతుంది."
అంత ధీమా ఎక్కణ్ణించి వచ్చిందో నాకు!

డేటన్‌లో ఫిబ్రవరి.
ఫర్నేసు రేయింబవళ్ళు ఇంటిని ఎండబెడుతోంది.
ఆమె మెషీన్ రబ్బరు మడతలన్నీ తుడిచింది.
ఓ పిన్నీసు దొరికింది, నా చొక్కా గుండీ దొరికింది.
వెనిగరు పోసింది, సోడా చల్లింది,
ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతికింది.
నాలుగోరోజు నాతో చెప్పడం మానేసింది.
మానేసిందని
నాకు ఆరోరోజు తెలిసింది.

టార్చిలైటుతో నేలమీద బోర్లా పడుకున్నాను.
వాటర్ హీటరు వెనక,
క్రిస్మస్ చెట్టు అట్టపెట్టె కింద
చిల్లుల ఇనప మూత.
తీస్తే వంపు తిరిగిన గొట్టం,
నాలుక పిడచకట్టుకుపోయినట్టు ఎండి.
ఆ వంపులో ఎప్పుడూ గుక్కెడు నీళ్ళు నిలవాలిట.
ఆ గుక్కెడే తలుపు.
ఊరి మురుగంతా దానికి అవతలే
మర్యాదగా నిలబడి ఉంటుంది.

బకెట్టెడు నీళ్ళు పోశాను.
త్వరగా ఆవిరవకుండా
పైన చెంచాడు వంటనూనె.
"ఇప్పుడు?"
మంజీర కళ్ళు మూసుకుంది,
తంబురా శ్రుతి సరిచూసుకునే మనిషిలా.
"తగ్గింది. పోలేదు."

పోలేదంటే పోలేదు.
ఈసారి మారుమాట్లాడలేదు.

పక్కింటి వెర్నన్, నలభై ఏళ్ళు
ఊరి సింకుల కింద దూరి మోకాళ్ళరిగినవాడు,
కంచె మీంచి ఉపాయం చెప్పాడు:
కప్పుమీది గొట్టంలో పిప్పరమెంటు నూనె పొయ్యి,
వెనకే బకెట్టు వేన్నీళ్ళు.
పోసినవాడు ఇంట్లోకి రాకూడదు,
వాడి చేతులే దొంగసాక్ష్యం చెప్తాయి.
కింద ఇంకో ముక్కు కాపలా ఉండాలి.

మంచు కరిగిన ఆదివారం
నిచ్చెనెక్కి సీసా ఒంపేశాను.
ఎంత ఘాటో ఏమో,
కళ్ళ నీళ్ళు తిరిగాయి.
ముక్కులో చల్లగా ఏదో నడిచి వెళ్ళింది,
పేరు చెప్పకుండా.

అక్కడే కూర్చున్నాను.
రెండంతస్తుల కింద నా భార్య
మూలమూలకీ వంగి గాలిని చదువుతోంది.
పైన నేను, చదువురానివాణ్ణి,
చేతిలో ఖాళీ సీసాతో.
చిమ్నీ మీది కాకి నన్ను తేరిపార చూసి
వీడితో పనిలేదని ఎగిరిపోయింది.

ఫోను మోగింది.
"చిన్నప్పుడు బస్టాండులో అమ్మేవాళ్ళే, తెల్ల బిళ్ళలు...
నోట్లో వేసుకుని గాలి పీల్చేవాళ్ళం!"
గొంతులో పదేళ్ళ పిల్ల.
"ఎక్కడ వస్తోంది?"
"నువ్వు నీళ్ళు పోశావే, ఆ గోతిలోనే.
పక్క గోడకి ఇంకో కన్నం. దానికి బిరడా లేదు."

ఆ కన్నాన్ని ఆ రోజే చూశాను.
చూసి వదిలేశాను.
నీటి తలుపు పక్కనే
గోడంత దొడ్డిదారి.

రబ్బరు బిరడా, ఆరు డాలర్లు.
మధ్యలో రెక్కల నట్టు, చేత్తో తిప్పితే
ఉబ్బి పట్టుకుంటుంది.
ఇప్పుడు నెల మొదటి శనివారం
నేనే దిగి ఓ బకెట్టు పోస్తాను.
మంజీర చివరి మెట్టు మీద కూర్చుంటుంది.
"చెప్పు" అంటాను.
"సబ్బు."
"ఇంకా?"
"వేడి తువ్వాలు. తడి సిమెంటు. కాస్త ఇనుము."
ఒక్కొక్కటే విని
లోపల ఖాళీ అరల్లో సర్దుకుంటాను.
"ఇంకా?"
"నీ చొక్కా."
"ఎలా ఉంది?"
"ఉతకాలి."