ఇస్త్రీ బల్ల కింద

మూడునాళ్లుగా ముసురు.
మిట్టూరు సందులో నీళ్లు గడపదాకా వచ్చి
లోపలికి రావాలా వద్దా అని చూస్తా ఉండాయి.
తెల్లారితే దీపావళి.
మధ్యాన్నం రుబ్బిన ఇడ్లీపిండి మాత్రం
అలిగిన ఆడబిడ్డ మాదిరి
తపేలాలో కదలక మెదలక కూర్చోనుంది.

"నీ చేతికి పులవదు లేమే" అనేది మాయత్త దేశమ్మ.
పదకొండేండ్లు అన్నింది.
ఆమె ముంజేతిదాకా ముంచి కలిపితే
పిండి భయపడి లేచి నిలబడేది.
ఆ చెయ్యి పోయి ఇది రెండో పండగ.

పొద్దన్నే కోడికూరను దేంతో తినాలని
మా పిల్లోడి దిగులు.
"బ్రెడ్డుతో" అన్నాను.
పరాయిదాన్ని చూసినట్టు చూసినాడు.

వాళ్ల నాయనకు ఇవేవీ పట్టవు.
రాత్రి పదైనా బల్లమీద నలభైమూడు జతలు:
బ్యాంకాయన తెల్లచొక్కాలు,
టీచరమ్మ ఆరణి పట్టుచీర,
ఎవురి బిడ్డదో పరికిణీ, దాని జరీ కాలిందంటే
మా మూడు నెలల బియ్యం.
కరెంటు వస్తా పోతా ఉంటే విసుగొచ్చి
అటకమీది బొగ్గుల పెట్టె దించినాడు చెంగల్రాయుడు.
టెంకాయచిప్పలు రాజేసి విసిరితే
ఇల్లు ఒకసారి ఎర్రబడి దగ్గింది.

అప్పుడు, తల ఎత్తకుండానే,
"ఆ తపేలా ఇట్ల తీసకరా" అన్నాడు.
బల్ల కింద, నిప్పుల చట్టికి జానెడు ఎడంగా పెట్టి
పాత దుప్పటి నాలుగు మడతలు కప్పి
అంచులు లోపలికి చెక్కినాడు,
జొరమొచ్చిన బిడ్డకు చెక్కినట్టు.
మళ్లీ చొక్కా కాలరు మీదికి పోయినాడు.

నేను గసాలు నూరుకుంటా నూరుకుంటా
గోడకు ఆనుకోని కునికినాను.
వాన, పెట్టె బరువు, నీళ్లు చిలకరించిన చప్పుడు.

మూడుకో మూడున్నరకో మూత జారింది.
పిండి దుప్పటిని నెట్టుకోని,
అంచు దాటి, నేలమీద పాకి,
వేలాడే పట్టుచీర కొస కింద
రెండు వేళ్ల ఎడంలో ఆగుండాది.
ఇద్దరం అరవలేదు.
ఆయన చీరను పైకెత్తి పట్టుకున్నాడు,
నేను రెండు చేతులా అడ్డం పడినాను.
మోచేతిదాకా పిండితో నేను,
దేవుడి పల్లకి మోసినట్టు చీరతో ఆయన.
అప్పుడొచ్చింది నవ్వు,
పక్కింటోళ్లు గోడ తట్టేదాకా.

ఇడ్లీ రేకులమీద పరిచే తడిగుడ్డకు కూడా
ఇస్త్రీ చేస్తానన్నాడు, పండగ కదా అని.
తలంట్లు పోసుకున్నాక
కూర కుతకుతమంటా ఉంటే, ఊరిమిండికి తిరగవాత పెడతా ఉంటే
గొడుగుతో వచ్చింది టీచరమ్మ.
గడప బయటే నిలబడి చీర తీసుకునింది.
"ఏందో ఘుమఘుమ" అనింది. రమ్మన్నాను.
"ఇంకోసారి లేమ్మా" అనింది, ఎప్పుడూ అనేదే.
ఆమె సందు మలుపు తిరిగినాక
ఆయన మెల్లగా చెప్పినాడు:
లోపలి మడతలో ఆవగింజంత పిండిచుక్క,
ఎండిపోయి, గీకినా రాలేదంట.
పోనీలే అన్నాను. అదన్నా పోయింది వాళ్లింటికి.

మొదటి ఇడ్లీ మాయత్త పటం ముందర పెట్టినాను,
ఒక మంచి చియ్యతో.
"చూడు, పులిసింది" అన్నాను.
పటంలో మూతి కొంచెం వంకరే ఆమెకు, మొదట్నించీ.
"నీ చేతికి కాదులేమే,
నా కొడుకు బొగ్గులకు."